చిక్కు కొసల నుంచి తీయాలి: నల్లజాతి ఆడపిల్లకు తన జుట్టు తనకు నచ్చేలా పెంచడం

మా అన్నయ్య కూతురు చిట్టికి అప్పుడు అయిదేళ్లు. ఒక ఆదివారం పొద్దున నా పసుపు చున్నీని రెండు పిన్నులతో తలకు తగిలించుకుని, అద్దం ముందు మెడ అటూ ఇటూ తిప్పుతోంది. చున్నీ వీపు మీద ఊగుతోంది. "అత్తా, నా జడ చూడు. నీ జడలాగే కదులుతోంది," అంది. వాళ్లమ్మ ముందు రోజు గంటన్నర కూర్చుని, రెండేసి పాయలు మెలితిప్పి వేసిన పన్నెండు చిన్న ట్విస్ట్‌లు ఆ చున్నీ కింద కనబడకుండా అణిగిపోయి ఉన్నాయి.

మా వదిన నల్లజాతి అమెరికన్. డాలస్ దగ్గర ఉంటాం. ఆవిడ నర్సు, శనివారం విడిచి శనివారం డ్యూటీ. అలా చిట్టి తల వారం విడిచి వారం నా చేతికి వచ్చింది. నాకు ఈ పని నేర్పింది వదిన వాళ్లమ్మగారు. ఆవిడను మేమందరం చిట్టితో పాటు 'అమ్మమ్మ' అనే పిలుస్తాం, ఆవిడా పలుకుతుంది. ఇక్కడ రాస్తున్నదంతా ఆవిడ చెప్పింది, నేను తప్పులు చేసి దిద్దుకున్నది. నల్లజాతి తల్లులకు ఇందులో కొత్త సంగతేమీ ఉండదు. కోడలి ద్వారానో, అల్లుడి ద్వారానో, దత్తత ద్వారానో ఇలాంటి పాప ఇంట్లో ఉన్న తెలుగువాళ్ల కోసం, అమెరికా బడుల్లో పాఠాలు చెప్పే మనవాళ్ల కోసం రాస్తున్నాను.

"నీ జుట్టు ఎంత అందంగా ఉందో" అని రోజుకు పదిసార్లు చెప్పమంటారు చాలామంది. చెప్పండి, తప్పు లేదు. అయితే తల దువ్వేటప్పుడు వెనక కూర్చున్న మనిషి నిట్టూర్చిందా, దువ్వెన విసిరికొట్టిందా, నొప్పి పుట్టించిందా అన్నది పాప అంతకంటే బాగా గుర్తుంచుకుంటుంది. అందుకే నేను పొగడ్తల దగ్గర మొదలుపెట్టను.

మొదటి పని: ఇంట్లో పెద్దల నోటికి కళ్లెం

మా అమ్మ హైదరాబాద్ నుంచి వచ్చిన మొదటి వారంలోనే మూడు మాటలు అనేసింది. "పిచ్చుక గూడు", "చింపిరి జుట్టు", "ఇంత నూనె పెట్టి అణచండి". మనవరాలంటే ప్రాణం, అందులో సందేహం లేదు. కానీ చింపిరి అంటే దిక్కులేని తల, ఎవరూ పట్టించుకోని పిల్ల అని అర్థం. గంటన్నర కష్టపడి వేసిన ట్విస్ట్‌లను ఆ మాట అంటే తగిలేది పాపకు మాత్రమే కాదు, వాళ్లమ్మకు కూడా. మరో బంధువు "పుట్టపర్తి బాబాలా ఉంది" అని నవ్వాడు. ఆ పోలికతో నాకు పేచీ లేదు. అంత గుబురు జుట్టున్న ఫోటోకు పూలదండ వేసి దేవుడి గదిలో పెట్టుకున్న ఇళ్లు మనవాళ్లలో ఎన్ని లేవు! ఆడపిల్ల తల మీదికి వచ్చేసరికే అది నవ్వులాట అవుతుంది.

కాబట్టి పాప లేనప్పుడు పెద్దలను కూర్చోబెట్టి చెప్పండి. అణచడం, లొంగదీయడం, "పాపం, దీనికెంత కష్టమో" అని జాలిపడటం, ఇవన్నీ మానాలి. ఒత్తుగా ఉంది, గుబురుగా ఉంది, ఉంగరాలు బాగా తిరిగాయి అనాలి. తెలుగులో జుట్టుకు మాటల కరువు లేదు.

పెద్దలు "మాటకేముందిలే" అంటే కొంచెం చరిత్ర చెప్పాలి. 1786లో లూయిజియానాను ఏలుతున్న స్పెయిన్ గవర్నరు ఎస్తెబాన్ మీరో, దాస్యంలో లేని నల్లజాతి స్త్రీలు సైతం జుట్టు కనబడకుండా తలకు గుడ్డ చుట్టుకోవాలని ఉత్తర్వు వేశాడు. వాళ్ల కేశాలంకరణ మరీ కళ్లలో పడుతోందని! ఆ స్త్రీలు రంగురంగుల బట్టలు తెచ్చి, నగలు గుచ్చి, ఆ తలపాగాలనే అలంకారంగా మార్చేశారు. తర్వాతి తరాల్లో సాఫీగా ఉన్న జుట్టుకు 'గుడ్ హెయిర్' అని పేరు స్థిరపడింది. అంటే మిగిలినది చెడ్డదన్నమాట. 1940లలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే మనస్తత్వవేత్తల జంట మూడు నుంచి ఏడేళ్ల నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మలు, నల్ల బొమ్మలు పెట్టి ఏది మంచిదని అడిగితే ఎక్కువమంది తెల్ల బొమ్మను చూపించారు. బడుల్లో వర్ణవిభజన చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆ పరిశోధన ప్రస్తావన ఉంది. ఆ పిల్లలను కూర్చోబెట్టి ఎవరూ పాఠం చెప్పలేదు. చుట్టూ వినబడే మాటల్లోంచి ఏరుకున్నారు.

రెండో పని: ఆ జుట్టు ఎలా పనిచేస్తుందో పాపతో కలిసి చూడటం

మన వెంట్రుకను అడ్డంగా కోస్తే దాదాపు గుండ్రంగా ఉంటుంది. చిట్టి వెంట్రుక నొక్కిన రబ్బరు గొట్టంలా చపటగా ఉంటుంది. కుదురు కూడా చర్మంలో వంపు తిరిగి ఉంటుంది. అందుకే వెంట్రుక మలుపులు తిరుగుతూ బయటికి వస్తుంది. మాడులో ఊరే సహజమైన నూనె తిన్నని వెంట్రుక మీదైతే జారుకుంటూ కొసదాకా పోతుంది. ఇన్ని మలుపుల మీద పోలేదు. అందువల్ల కొసలు పొడిబారతాయి. ప్రతి మలుపూ ఒక బలహీనమైన చోటు, గట్టిగా లాగితే అక్కడే తెగుతుంది. చూడటానికి మొండిగా కనిపించే ఈ జుట్టు నిజానికి చాలా సున్నితమైనది. ఈ ఒక్క సంగతి తలకెక్కితే మిగతా పద్ధతంతా దానంతట అదే అర్థమవుతుంది.

"ఈ జుట్టు పెరగదు" అనేది ఇంకో అపోహ. నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఉంగరాలు తిరిగి ముడుచుకోవడం వల్ల ఉన్న పొడవులో సగం కూడా కనబడదు, కొందరిలో పావువంతే కనబడుతుంది. ఒకరోజు తల తడిపాక, చెవి పక్కన ఉన్న ఒక ఉంగరం కొస చిట్టి చేతికిచ్చి మెల్లగా కిందికి లాగమన్నాను. భుజం దాటి వచ్చింది. వదిలేస్తే చటుక్కున చెవి దగ్గరికి ఎగిరింది. కళ్లు ఇంతింత చేసుకుని మళ్లీ లాగింది. పదకొండుసార్లు లాగింది, నేను లెక్కపెట్టాను. "అత్తా, నీ జుట్టు ఇలా చేయగలదా?" అంది. నా జడ కొస పట్టి లాగి వదిలింది. అది ఉన్నచోటే వేలాడింది. చిట్టి నా వంక జాలిగా చూసింది.

ఈ జుట్టును నాలుగు అంకెతో మొదలయ్యే ఏ, బీ, సీ రకాలుగా విడగొట్టే పట్టిక ఒకటి అంతటా కనిపిస్తుంది. ఆంద్రే వాకర్ అనే కేశాలంకరణ నిపుణుడు మొదలుపెట్టిన వర్గీకరణ అది. సామాను కొనేటప్పుడు కొంత పనికొస్తుంది. పాప ముందు మాత్రం ఆ అక్షరాలు ఎత్తకండి, పిల్లలు వాటిని మార్కుల్లా తీసుకుంటారు.

మూడో పని: సామాను

పళ్లు బాగా ఎడంగా ఉన్న దువ్వెన, నీళ్లు చల్లే స్ప్రే సీసా, సల్ఫేట్ లేని షాంపూ, చేతికి జారుడుగా తగిలే కండిషనర్, కడిగేయకుండా తలలో ఉంచుకునే మరో కండిషనర్, షీ బటర్ (షియా గింజల నుంచి తీసే వెన్న), పెద్ద క్లిప్పులు నాలుగు, ఒక పాత కాటన్ టీషర్టు, శాటిన్ బోనెట్ (రాత్రి తలకు పెట్టుకునే నున్నని బట్ట టోపీ). ఇంతే. సన్నపళ్ల దువ్వెన, పేను దువ్వెన ఆ గదిలోకే రాకూడదు.

మన వంటింటి వైద్యం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నాన్నమ్మలు ఊరుకోరు. కుంకుడుకాయ వద్దు. అసలే పొడిబారే జుట్టులో ఉన్న కాస్త జిడ్డునూ లాగేస్తుంది, కళ్లు మండితే పాప మళ్లీ తలస్నానానికి రాదు. కొబ్బరినూనె చాలామందికి పడుతుంది, తలస్నానానికి ముందు రాస్తే మంచిది. ఆముదం దగ్గర మాత్రం మా అమ్మ గెలిచింది. కరీబియన్ నుంచి వచ్చి నల్లజాతి ఇళ్లలో పేరుబడ్డ నల్ల ఆముదం గింజలు వేయించి, దంచి, నీళ్లలో మరిగించి తీసేది. సీసా మూత తీసి వాసన చూసి అమ్మ, "ఇది మన వంటాముదమే కదా" అంది. ఆ రోజు నుంచి అమ్మమ్మకూ నాన్నమ్మకూ స్నేహం కుదిరింది. జారుడు కోసం అవిసె గింజలు ఉడికించి వడకట్టిన జెల్ కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఒక్క హెచ్చరిక: నూనె తడినివ్వదు. తడినిచ్చేది నీళ్లే. నూనె ఆ తడిని ఆరిపోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. పొడి జుట్టు మీద నూనె పోస్తే పైన జిడ్డు, లోపల ఎండు. మన అలవాటుకు ఇది పూర్తిగా తలకిందులు.

నాలుగో పని: తలస్నానం రోజు

వారానికోసారి, లేదా రెండు వారాలకోసారి చాలు. ఆ రోజును వాళ్లు 'వాష్ డే' అంటారు. రెండు మూడు గంటలు పడుతుంది. తొందర ఉన్న రోజున మొదలుపెట్టకండి. పాప కడుపునిండా తిన్నాక, ఒకసారి బాత్రూముకు వెళ్లి వచ్చాక మొదలుపెట్టండి. మీరు సోఫాలో, పాప మీ మోకాళ్ల మధ్య కింద దిండు మీద. ఈ భంగిమ మనకు కొత్త కాదు. మా అమ్మ నన్ను అలాగే కూర్చోబెట్టి తలంటింది. వాళ్లమ్మ తననూ అలాగే కూర్చోబెట్టిందని అమ్మమ్మ చెప్పినప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యంతోనే మొదటి రోజు పెద్ద తప్పు చేశాను. పొడి జుట్టులో, మాడు దగ్గర దువ్వెన పెట్టి కిందికి లాగాను, నా తల దువ్వుకున్నట్టే. ఫట్‌మని చప్పుడైంది. చిట్టి అరవలేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని మెల్లగా జరిగి దూరంగా కూర్చుంది. అది అరిచి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. తర్వాత అమ్మమ్మ చేసి చూపించిన క్రమం ఇదీ.

ముందు పాత ట్విస్ట్‌లన్నీ విప్పాలి. పాపిట తీసి తలను నాలుగు భాగాలు చేసి, మూడింటిని క్లిప్పులతో పక్కకు కట్టేయాలి. చేతిలో ఉన్న భాగం మీద నీళ్లు చల్లి, తడిశాక దోసెడు కండిషనర్ పట్టించాలి. మొదట వేళ్లతోనే పెద్ద చిక్కులు విడదీయాలి. తర్వాత దువ్వెన. అదీ కొసల నుంచి. కొసన రెండంగుళాలు సాఫీ అయ్యాక, ఇంకో రెండంగుళాలు పైకి. అలా మెట్లెక్కినట్టు మాడుదాకా పోవాలి. దువ్వుతున్న చోటికి పైన జుట్టును ఎడమ చేతి పిడికిట్లో పట్టుకుని ఉంటే లాగుడు ఆ పిడికిలి దగ్గరే ఆగుతుంది, కుదురుకు పోదు. నొప్పి పోయేది ఈ పిడికిలి వల్లే.

చిక్కు తీసిన భాగాన్ని వదులుగా మెలితిప్పి పెట్టి తర్వాతి భాగం పట్టుకోండి. మెడ వెనక సన్నగా, దట్టంగా చుట్టుకునే జుట్టును వాళ్ల వాడుకలో 'కిచెన్' అంటారు. వంటగది పేరు దానికెలా వచ్చిందో అమ్మమ్మ నవ్వుతూ మూడు రకాలుగా చెప్పింది. అక్కడ చిక్కు ఎక్కువ, నొప్పీ ఎక్కువ. దాన్ని చివరకు ఉంచి పాపకు ఓపిక పోయాక మొదలుపెట్టకండి, మొదటే చేసేయండి.

షాంపూ మాడుకే. నాలుగు భాగాలూ విప్పకుండా, వేళ్ల కొసలతో పాపిటల వెంట రుద్దాలి. మన సినిమాల్లోలాగా జుట్టంతా నెత్తిన కుప్పపోసి నురగ చేస్తే అరగంట పనిపట్టి తీసిన చిక్కంతా తిరిగి పడుతుంది. గోరువెచ్చని నీళ్లతో కడిగి, మళ్లీ కండిషనర్ పట్టించి, కాసేపు ఉంచి కడగాలి. తువ్వాలుతో రుద్దవద్దు. టీషర్టుతో ఒత్తి తీయండి. జుట్టు ఇంకా తడిగా ఉండగానే తలలో ఉంచే కండిషనర్, దాని మీద కొద్దిగా నూనె, ఆ పైన షీ బటర్ లాంటి చిక్కని క్రీము. తర్వాత ఒక్కో పాయనూ రెండుగా చీల్చి ఒకదాని చుట్టూ ఒకటి మెలితిప్పితే ట్విస్ట్. మూడు పాయల జడ వేయడం వచ్చిన చేతికి ఇది పది నిమిషాల్లో వస్తుంది.

ఇంతసేపూ పాప ఊరికే కూర్చోదు, కూర్చోనక్కరలేదు. స్ప్రే సీసా పని చిట్టిది. ఏ భాగం ముందో అదే చెబుతుంది. "ఆగు" అంటే నా చేయి గాలిలోనే ఆగాలని ఒప్పందం. మొదట్లో ఊరికే నన్ను పరీక్షించడానికి ఇరవైసార్లు "ఆగు" అంది. ఇరవైసార్లూ ఆగాను. మూడో వారానికి అది రెండుసార్లకు దిగింది. కొందరు పిల్లల మాడు మరీ సున్నితం, చిన్న లాగుడుకే కన్నీళ్లు వస్తాయి. "అంత నొప్పేం లేదులే" అనకండి. నొప్పి ఎంతో మాడు ఎవరిదైతే వాళ్లకే తెలుస్తుంది.

జడలు, పూసలు, బిగింపు

ట్విస్ట్‌లు, రెండు పఫ్‌లు (గుబురుగా వదిలేసిన పిలకలు), మాడుకు అంటించి అల్లే కార్న్‌రోలు, విడిగా వదిలిన ఆఫ్రో: పాప వయసుకు ఇవన్నీ బాగుంటాయి. వారం వారం తనకేది కావాలో తననే ఎంచుకోనివ్వండి. బిగించి వేస్తే ఎక్కువ రోజులు ఉంటుందన్న ఆశ పెట్టుకోవద్దు. నుదుటి అంచున చిన్న పొక్కులు, కళ్లు పైకి లాగినట్టు ఉండటం, రాత్రి దిండు మీద తల పెట్టలేకపోవడం, ఇవి కనిపిస్తే వెంటనే విప్పేయాలి. ఏళ్ల తరబడి లాగితే ఆ అంచు జుట్టు ఊడిపోయి మళ్లీ రాకపోవచ్చు. తొలిదశలో ఆపితే తిరిగి వస్తుంది. మన ఆడపిల్లల రెండు జడల రిబ్బను బిగింపుకూ ఇదే వర్తిస్తుందని పక్కమాటగా చెబుతున్నాను.

జడల కొసలకు పూసలు చిట్టికి మహా ఇష్టం, నడిస్తే గలగలమంటాయని. పూసల జడలతో టెన్నిస్ కోర్టులోకి వచ్చిన వీనస్ విలియమ్స్‌కు 1999 ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్లో పూసలు రాలాయని అంపైర్ ఒక పాయింటు పోగొట్టాడు. ఆ ఫోటో చూపిస్తే చిట్టి అడిగింది: "మళ్లీ పెట్టుకుందా?" పెట్టుకుంది అన్నాను.

జుట్టును రసాయనంతో సాఫీ చేసే రిలాక్సర్ల గురించి ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అవి ఘాటైన క్షారాలు, మాడు కాలుతుంది. పైగా 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 33,000కు పైగా స్త్రీలను దాదాపు పదకొండేళ్లు గమనించి ఫలితాలు ప్రకటించాయి. జుట్టు సాఫీ చేసే రసాయనాలు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమైతే, ఏడాదికి నాలుగుసార్లకు మించి వాడినవారిలో 4.05 శాతమని అంచనా. ఆ రసాయనమే కారణమని ఇది తేల్చి చెప్పలేదు. అయినా ఆరేళ్ల పిల్ల తల మీద పోయకపోవడానికి నాకు అంత చాలు. పెద్దయ్యాక తన తల తన ఇష్టం. రిలాక్సర్ వాడిన తల్లులను తప్పుపట్టడం కూడా మన పని కాదు. ఉద్యోగం దొరకాలంటే వాళ్లకు అదే దారిగా ఉన్న రోజులు ఎన్నో గడిచాయి.

రాత్రి, ఈత

రాత్రి శాటిన్ బోనెట్. కాటన్ గలీబు తడి పీల్చేస్తుంది, జుట్టును గీస్తుంది. బోనెట్ జారిపోయే పిల్లలకు శాటిన్ గలీబు వేయండి.

ఈతకు ముందు తలను మామూలు నీళ్లతో బాగా తడిపి కండిషనర్ రాస్తే క్లోరిన్ నీళ్లు తక్కువ పీలుస్తుంది. బయటికి రాగానే కడగాలి. గుబురు జుట్టుకు పట్టే పెద్ద టోపీలు దొరుకుతున్నాయి. వాటిని ఒలింపిక్ పోటీలకు వద్దని 2021లో చెప్పిన అంతర్జాతీయ ఈత సమాఖ్య 2022లో అనుమతించింది. జుట్టు పాడవుతుందని పాపను ఈతకు దూరం చేయకండి.

బడి, పరాయి చేతులు

అడగకుండా జుట్టు ముట్టుకునేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. బడిలో, కిరాణా దుకాణంలో, గుడిలో ప్రసాదం వరుసలో కూడా. పాపకు రెండు వాక్యాలు నేర్పండి: "ముందు అడగాలి." "వద్దు, నాకు ఇష్టం లేదు." ఇంట్లో నాటకంలా ఆడించండి. నేను గుడిలో ఆంటీని, చిట్టి చిట్టి. మీరూ నియమం పాటించాలి, "చేయి పెట్టనా?" అని ప్రతిసారీ అడగాలి. 2009లో శ్వేతసౌధంలో అయిదేళ్ల నల్లజాతి బాబు తన జుట్టూ అధ్యక్షుడి జుట్టూ ఒకేలా ఉంటాయా అని అడిగితే, ఒబామా తల వంచి తనే ముట్టుకోమన్నాడు. ఆ ఫోటో మా ఫ్రిజ్ మీద ఉంది.

బడి నుంచి "జుట్టు ఇబ్బందిగా ఉంది" అని చీటీ వస్తే బెదరకండి. జుట్టు స్వభావాన్ని బట్టి, జడలు, ట్విస్ట్‌లు, లాక్స్ (తాళ్లలా పేనుకున్న పాయలు) వంటి వాటిని బట్టి వివక్ష చూపకూడదనే క్రౌన్ చట్టం 2019లో మొదట కాలిఫోర్నియాలో వచ్చింది. ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉంది. టెక్సస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి అమలవుతోంది. మీ రాష్ట్రంలో ఉందో లేదో ముందే చూసుకోండి. చిట్టి బడి నుంచి అలాంటి చీటీ వచ్చినప్పుడు వదిన చట్టం ప్రతిని జతచేసి మూడు వాక్యాల జవాబు రాసింది. గొడవ అక్కడితో ముగిసింది. చిట్టికి ఆ చీటీ సంగతి ఇప్పటికీ తెలియదు.

"నాకూ నీలాంటి జడ కావాలి" అన్నప్పుడు

అంటుంది. చున్నీ రోజున చిట్టి అన్నది అదే. కంగారుపడి ఉపన్యాసం ఇవ్వకండి, "ఛ, అలా అనకూడదు" అని నోరు మూయకండి. ఆ జడతో ఏం చేయాలనుకుంటున్నావని అడగండి. చిట్టికి కావలసింది జడ ఊగడం. పొడవాటి ట్విస్ట్‌లకు పూసలు కడితే ఊగుతాయి. ఆ రోజుకు సమస్య అక్కడే తీరింది. అన్నిసార్లూ అంత తేలిక కాదు. బడిలో ఎవరో ఏదో అన్న రోజున అడిగితే, ముందు ఆ మాట ఎవరన్నారో బయటికి రానివ్వాలి.

పొడవాటి తిన్నని జుట్టు మీద మోజు ఎంత పెద్ద వ్యాపారమో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? తిరుమలలో మనం మొక్కు తీర్చుకుని ఇచ్చిన తలనీలాలు వేలంలో అమ్ముడై సముద్రాలు దాటి, విగ్గులుగా, సవరాలుగా ఇక్కడి దుకాణాల్లో 'ఇండియన్ హెయిర్' పేరుతో వేలాడుతున్నాయి. ఒకసారి అలాంటి దుకాణంలో గోడ నిండా వేలాడే కట్టలు చూసి, "ఇది ఎవరి జుట్టు అత్తా?" అని అడిగింది చిట్టి. దేవుడికి ఇచ్చేసిన వాళ్లది అని చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "వాళ్లకు బోడిగుండు బాగుందా?" అంది. మా నాన్న గుండు ఫోటో చూపించాను. బాగుందని ఒప్పుకుంది.

బొమ్మల్లో ఒకటైనా పాప జుట్టులాంటి జుట్టున్నది ఉండాలి. గోడ మీద, ఫోనులో కనిపించే ముఖాల్లో అలాంటి తలలు ఉండాలి. అమెరికా సుప్రీంకోర్టులో 2022లో న్యాయమూర్తిగా చేరిన కెటాంజీ బ్రౌన్ జాక్సన్ సన్నని లాక్స్‌తో బెంచీ మీద కూర్చుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, చుట్టుపక్కల అలాంటి జుట్టున్న పెద్దక్కలు, అత్తలు ఉండటం. అది మనం ఇవ్వలేం. అందుకే నెలకోసారి చిట్టిని అమ్మమ్మ వెళ్లే సెలూనుకు పంపుతాం. ఎనభై ఏళ్ల ఆవిడ నుంచి పసిపిల్ల దాకా ఒకే రకం జుట్టున్న గది అది. అక్కడ తన తల గురించి ఎవరూ వ్యాఖ్యానించరు.

కిందటి ఏడు మా పిన్ని కొడుకు పెళ్లికి మా అమ్మ చిట్టికి పూలజడ వేస్తానని పట్టుబట్టింది. సవరం కూడా తెచ్చింది. చిట్టి సవరాన్ని చేతిలో పట్టుకుని చూసి, "ఇది దేవుడి దగ్గర నుంచి వచ్చిందా?" అని అడిగి తిరిగి ఇచ్చేసింది. రెండు పఫ్‌లు కావాలంది. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పూలజడ కోసం తెచ్చిన మల్లెలు విప్పి, కింద కూర్చుని రెండు చిన్న దండలు కట్టింది. ఒక్కో పఫ్ మొదట్లో ఒక్కో దండ చుట్టి, మధ్యలో కనకాంబరం గుచ్చింది. జారుతాయేమోనని నేను పిన్నులు తీశాను. అవసరం పడలేదు. ఆ జుట్టు పూలను పట్టుకున్నంత గట్టిగా మా జుట్టు ఎప్పుడూ పట్టుకోలేదు.

మండపంలో ఒకావిడ "అబ్బ, ఎంత మెత్తగా ఉందో" అంటూ చేయి చాచింది. చిట్టి ఒక అడుగు వెనక్కి వేసి, "ముందు అడగాలి," అంది. ఆవిడ తెల్లబోయి, తర్వాత నవ్వి, "సరే తల్లీ, ముట్టుకోనా?" అని అడిగింది.

"వద్దు," అని చెప్పి చిట్టి జిలేబీల వైపు వెళ్లిపోయింది.